గుట్టమీది అభిమానులు

ఒక వస్తువును మనఃపూర్వకముగా ప్రేమించువాడు, ఆ వస్తువును చేతిలో నుంచుకొన్నవానికి లోబడి యుండవలెనా? లోబడనిచో అతని ప్రేమయందు లోపము కలదనవచ్చునా? ఈ ప్రశ్నను మన పెద్దలు రాజభక్తి, గురుభక్తి మున్నగు గొప్ప విషయముల నెత్తుకొని చర్చించిరి. మేము దానినే మిగుల చిన్నదిగా గనబడు నొక విషయమున చూడదలచితిమి. అది ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున కాలిబంతి యాటను చూచువారి సంగతి. ఆటల ముచ్చటకును ధర్మవిచారమునకును పొత్తేమి యని చదువరులు మొగము చిట్లింపవద్దు. పెద్ద విషయములలో భయమును, లాభమును, కీర్తియు అడ్డు వచ్చి మనుష్యుని మనస్సు తేటగా కనబడదు. ఆటను చూచువానికి ఈ మూడింటిలో నొకటియు దక్కదు. కావున అచటి ప్రేమ వట్టి ప్రేమ; అచటి కోపము వట్టి కోపము.

కవెంట్రీ మధ్య ఇంగ్లండులోని పారిశ్రామిక నగరము. మొదట సైకిళ్లకును, పిమ్మట మోటారు కార్లకును ప్రసిద్ధి కెక్కినది. 1883లో సింగరు సైకిళ్ల కర్మాగారపు పనివారు ఒక కాలిబంతి జట్టును కూర్చుకొనిరి. 1898లో దానికి ఊరిపేరే పెట్టిరి. 1899 మొదలు 2005 వఱకు, అనగా నూఱేండ్లకు మించి, ఆ జట్టు హైఫీల్డ్ రోడ్డు అను చోటనే ఆడినది. నడుమ 1940 నవంబరు 14వ తేది రాత్రి జర్మను విమానముల బాంబులచే ఊరి నడిబొడ్డు కాలిపోయెను. ప్రాచీనమైన పెద్ద క్రైస్తవాలయము మొండిగోడలై మిగిలెను. ఊరివారు ఆ గోడలను తొలగింపక, వాని ప్రక్కనే క్రొత్త యాలయమును కట్టి 1962లో ప్రతిష్ఠించుకొనిరి. స్థలమన్న వారికి గల పట్టుదల ఎట్టిదో దీనివలన కొంత తెలియగలదు. 1987లో ఈ జట్టు లండనులోని టాటెన్‌హామ్ వారిని మూడు గోలులకు రెండుగా ఓడించి దేశపు కప్పును గెలిచినది. ఆ దినమును చూచిన తండ్రులు నేటికిని పిల్లలకు చెప్పుకొనుచుందురు.

2005లో జట్టు ఊరి యుత్తరభాగమున ముప్పదిరెండువేలమందికి చోటుగల క్రొత్త మైదానమునకు మాఱెను. పాత చోటు అమ్ముడుపోయి ఇండ్లస్థలమైనది. క్రొత్తదియో, వారిది కాదు. దానిని నడపు కంపెనీలో సగము నగరపాలక సంస్థది, సగము ఒక ధర్మసంస్థది. జట్టు అచట అద్దెకున్నది. 2007 డిసెంబరులో, అప్పులలో మునిగియున్న యీ సంఘమును సీసూ అను లండను పెట్టుబడి సంస్థ కొనెను. 2012లో జట్టు మూడవ శ్రేణికి పడిపోయెను. ఆ యేడే యజమానులు అద్దె చెల్లించుట మానిరి. వ్యవహారము న్యాయస్థానముల కెక్కినది. 2013 మార్చిలో సంఘపు కంపెనీ దివాలా నిర్వాహకుల చేతిలోనికి పోగా, శిక్షగా లీగువారు జట్టునకు పది పాయింట్లు కోసివేసిరి. ఆ వేసవిలో యజమానులు జట్టును ముప్పదియైదు మైళ్ల దూరముననున్న నార్తాంప్టనుకు తరలించి, అచటి సిక్స్‌ఫీల్డ్స్ అను చిన్న మైదానమున 'ఇంటి' పోటీలు ఆడింప నిశ్చయించిరి.

యజమానుల పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. మూడవ శ్రేణి జట్టునకు సంవత్సరమునకు పండ్రెండు లక్షల పౌనులకు మించిన అద్దె భారమే. మైదానమున వచ్చు తక్కిన రాబడిలో సంఘమునకు దక్కినది స్వల్పము. ఇంత అద్దెకు ఒప్పుకొన్నది మునుపటివారు గాని తాము కాదు. మూడేండ్లలో కవెంట్రీ ప్రాంతముననే సొంత మైదానమును కట్టుదుమనియు వారు చెప్పిరి. ఆ మైదానము నేటికిని కట్టబడలేదు. ఐనను, వారు చెప్పినదంతయు నిజమే యనుకొందము. అద్దె తగవు యజమానునికిని యజమానునికిని నడుమ జరిగినది. దాని శిక్షను ముప్పదియైదు మైళ్ల రూపమున అనుభవింపవలసివచ్చినది ఆ తగవులో మాట చెప్పుట కధికారము లేనివారు. ఊరి చెఱువు విషయమై ఇద్దఱు భూస్వాములు పోరాడి, నీటిని వేఱొక గ్రామమునకు మళ్లించినట్లున్నది.

అభిమానులు చేసినది చూడుడు. క్రితము సంవత్సరము కవెంట్రీలో ఒక్కొక్క పోటీకి సగటున పదివేలమంది వచ్చియుండిరి. నార్తాంప్టనులో ఆ సగటు రెండువేల మూడువందల ప్రాంతమునకు పడిపోయెను. తక్కినవారందఱు ఇంటనే కూర్చుండిరనుకొనరాదు. సిక్స్‌ఫీల్డ్స్ ప్రక్కన ఒక గుట్ట కలదు. దానిమీద నిలిచి చూచినచో మైదానములో చాలభాగము కనబడును. పోటీ జరుగునపుడెల్ల కొందఱు ముప్పదియైదు మైళ్లు ప్రయాణము చేసివచ్చి, టిక్కెట్టు కొనక, గేటు దాటక, ఆ గుట్టమీద చలిలో నిలిచి తమ జట్టును చూచిరి, పాటలు పాడిరి, గోలు పడినపుడు కేకలు వేసిరి. 1961 నుండి 1967 వఱకు ఆ జట్టును నడిపి మూడవ శ్రేణినుండి మొదటి శ్రేణికి తెచ్చిన జిమ్మీ హిల్ గారు అందఱికిని పూజ్యులు. లేతనీలపు దుస్తులను జట్టునకు ఇచ్చినవారును ఆయనయే. ఆయన యింటిపేరునకు ఆంగ్లమున గుట్ట యనియే యర్థము. అందుచేత ఆ దిబ్బకు 'జిమ్మీ గుట్ట' యని పేరు పెట్టుకొనిరి. మఱియొక చమత్కారము కూడ కలదు. ఒకనితో మాటలు మాని వెలివేయుటను ఆంగ్లమున 'కవెంట్రీకి పంపుట' యందురు. కవెంట్రీకి రానొల్లని యజమానులను కవెంట్రీవారే అట్లు పంపిరి.

పరాయి ఊళ్లలో జరుగు పోటీల సంగతి వేఱు. అచటికి వీరు వేలకొలదిగా పోయిరి. లీగు పోటీలలో టిక్కెట్ల రాబడి ఆతిథ్యమిచ్చు జట్టునకే చెందును గనుక, అచట కొన్న టిక్కెట్టు యజమానుల సంచిలో పడదు. 2014 జనవరిలో లండనున ఆర్సెనల్ జట్టుతో కప్పు పోటీ జరిగినపుడు సుమారు ఐదువేలమంది వెళ్లిరి. ఆట ముప్పదియైదవ నిమిషమున, ఆ ముప్పదియైదు మైళ్లకు గుర్తుగా, అందఱు నొక్కమాఱుగా తమ నిరసనను తెలిపిరి. మరుక్షణమున మఱల జట్టు పేరిట కేకలు వేయసాగిరి. (కప్పు పోటీల రాబడిలో అతిథి జట్టునకును భాగముండునను సంగతి తర్కప్రియులు గమనింపకపోరు. మనుష్యుల నియమములకు ఎక్కడనో ఒకచోట చిల్లు పడుట సహజము. ఆ చిల్లును చూపి నియమమునే పరిహసించుట తెలివియని మేమనుకొనము.)

వీరిని చూచి నవ్వినవారు కలరు. ప్రేమ యున్నచో లోపలికి పొమ్మనియు, కోపమున్నచో ఇంటికి పొమ్మనియు వారి వాదము. గుట్టమీద నిలుచుట ప్రేమయు కాదు, కోపమును కాదు, మీదుమిక్కిలి రుసుము చెల్లింపక ఆటను చూచుట దొంగతనమునకు దగ్గఱ అని కూడ అనిరి. ఈ కడపటి మాటకు బదులు చెప్పుట సులభము. కవెంట్రీలో ఆడినచో ఆ మనుష్యులే సంతోషముగా రుసుము చెల్లింతురు. రాకపోకల డెబ్బది మైళ్ల ఖర్చును, వానను, చలిని భరించువాడు డబ్బు మిగుల్చుకొనుటకు వచ్చినాడనుట హాస్యాస్పదము. మొదటి వాదమే విచారింపదగినది.

సంస్కృతమున స్వత్వము, మమత్వము అని రెండు మాటలు కలవు. రెండింటికిని మూలము 'తనది' యను భావమే. కాని స్వత్వము పత్రము మీద నుండును. దానిని కొనవచ్చును, అమ్మవచ్చును, తాకట్టు పెట్టవచ్చును. మమత్వము అమ్ముడుపోదు. 2007లో లండను సంస్థ కొన్నది స్వత్వమును. పేరు, ఆటగాండ్రతోడి ఒప్పందములు, లీగులో స్థానము, ఇవియన్నియు దానితో వచ్చినవి. తాతనాటినుండి శనివారము మధ్యాహ్నములను ఆ జట్టునకు ఇచ్చిన కుటుంబముల మమత్వము ఆ క్రయపత్రమున లేదు. ఉండుటకు వీలును లేదు. మన తెలుగున ఇంకొక సౌకర్యము కలదు. 'మాది' యన్నచో ఎదుటివాడు వెలుపల నుండును. 'మనది' యన్నచో లోపల నుండును. యజమాని 'మాది' యన్నచో చట్టము ఔనని తల యూపును. అభిమాని 'మనది' యనును. అందు యజమానికిని చోటున్నది. ఆ చోటును కాదనుకొన్నవాడు యజమానియే.

ఇచట చిక్కేమనగా, యజమాని తన స్వత్వమును రాబడిగా మార్చుకొనునది ఇతరుల మమత్వము వలననే. అభిమాని దుకాణమునకు పోయెడు కొనువాని వంటివాడు కాడు. ఉప్పు పుల్లగానున్నచో మఱియొక అంగడికి పోవచ్చును. కవెంట్రీవాడు కోపముతో లెస్టరు జట్టునకు అభిమాని కాజాలడు. వాడు ఎక్కడికిని పోలేడని యజమానికి తెలియును. ఆ తెలివియే యజమాని బలము. అనగా ప్రేమయే ప్రేమించువానికి సంకెల యైనది. ఈ స్థితిలో గుట్టమీద నిలిచినవాడు చేసిన పనిని మేము మెచ్చుకొనుచున్నాము. అతడు రెండింటిని విడదీసెను. నా కన్నులను, నా గొంతును, నా శనివారమును జట్టునకిచ్చెదను; నా రూపాయిని నీ కీయను, అని యజమానితో చెప్పినట్లయినది. (రూపాయి కాదు, పౌను. అలవాటుచే కలము జాఱినది.) అత్తమీది కోపము దుత్తమీద చూపు లోకమున, దుత్తను పదిలముగా దించి అత్తతో తగవులాడుట ఎంత కష్టమో గృహస్థులెఱుగుదురు.

ఐనను ఈ విడదీయుటలో ఒక నొప్పి మిగులును; దానిని దాచుట తగదు. రూపాయి రానిచో యజమాని యొక్కడే నష్టపడడు. ఆ సంవత్సరము జట్టు బాగుగనే ఆడినది. మఱియొక పది పాయింట్లు కోతపడి ఋణముతోనే పోటీలు మొదలిడియు మూడవ శ్రేణిలో నిలువగలిగినది. కాలమ్ విల్సన్ అను యువకుడు, తరువాత ఇంగ్లండు దేశపు జట్టున ఆడినవాడు, ఆ యేడు గోలుమీద గోలు కొట్టెను. అతడు పరుగెత్తినది ఖాళీ బల్లలయెదుట. అతడు చేసిన తప్పేమి? సంఘమే నశించియున్నచో గుట్టమీదివారు దేనిని రక్షించినట్లు? ఎలుకలకు కోపించి ఇల్లు తగులబెట్టినట్లగునేమో యను భయము వారిలో అనేకులను వేధించియుండును. ఈ యాక్షేపణకు నిండైన సమాధానము లేదనియే మా అభిప్రాయము. ఇంతమాత్రము చెప్పవచ్చును: జట్టు మఱియొక ఊరిలో సుఖముగా వర్ధిల్లుట కంటె, తన ఊరికి రావలసిన అగత్యము దానికి కలుగుట మేలని వారు నిర్ణయించుకొనిరి. ఆ నిర్ణయపు ఖర్చులో తమ వంతును గుట్టమీద నిలిచి తామును భరించిరి. ఇంట కూర్చుండి ఇతరుల నష్టమును కోరువానికిని వీరికిని ఇదియే భేదము.

లోపలికి పోయిన రెండువేలమందిని ద్రోహులని నిందించినవారును ఆ దినములలో కలరు. ఇది మాకు సమ్మతము కాదు. వృద్ధుడొకడు తనకు మిగిలిన కొద్ది సంవత్సరములలో ఒకదానిని తగవునకు బలియీయ నిష్టపడకపోవచ్చును. మైదానము చూడని పసివానిని ఒక తల్లి తీసికొనిపోవచ్చును. ఆటగాండ్రు ఒంటరులు కారాదని ఇంకొకరు పోవచ్చును. నిరసనయు ఒక మతమై, గేటు దాటినవారిని వెలివేయ నారంభించినచో, యజమానులు చేయలేని పనిని అభిమానులే చేసినట్లగును, ఊరు రెండగును. మన సంస్కరణోద్యమములలో ఈ వ్యాధిని మనము చూడనిది కాదు. కట్నమిచ్చి చేయు పెండ్లికి పోమని వ్రతము పట్టినవారు కలరు. తమ్ముని కుమార్తె పెండ్లికి పోక, ఆ పిల్లను మఱునాడు ఇంటికి పిలిచి చీర పెట్టి దీవించినవారిని మేము గౌరవింతుము. పెండ్లికి పోయిన అక్కచెల్లెండ్రతో మాటలు మానినవారిని చూచి మాత్రము మాకు జాలి కలుగును.

ఇతిహాసములలో దీనికి పోలిక వెదకినచో ఇద్దఱు దొరకుదురు. ద్రౌపదికి సభలో జరిగిన అన్యాయమును గూర్చి దుర్యోధనుని తమ్ములలో వికర్ణు డొక్కడే నోరు తెఱచెను; యుద్ధమున మాత్రము అన్నల పక్షముననే నిలిచి భీమునిచే చచ్చెను. మాటతో కాదనెను, చేతితో ఔననెను. విభీషణుడు లంకను విడిచి సముద్రము దాటెను. లోకము విభీషణుని రక్షితునిగను, వికర్ణుని మఱచిపోదగినవానిగను ఎంచుచున్నది. గుట్టమీదివారు ఈ యిద్దఱిలో ఎవరును కారు. వారు లంకను విడువలేదు. రావణునకు బాణమును అందీయలేదు.

విభీషణుని త్రోవను పట్టిన అభిమానులును ఇంగ్లండున కలరు. లండనులోని వింబుల్డను జట్టును సుమారు ఏబదియైదు మైళ్ల దూరమునగల మిల్టన్ కీన్స్ అను క్రొత్త పట్టణమునకు శాశ్వతముగా తరలించుటకు 2002 మే నెలలో ముగ్గురు సభ్యుల విచారణసంఘము ఇద్దఱి యాధిక్యముతో అనుమతించెను. అభిమానులు గుట్టను వెదకుకొనలేదు. కొన్ని వారములలోనే తమదే యైన క్రొత్త జట్టును స్థాపించి, మైదానపు పచ్చికలో ఆటగాండ్రను పరీక్షించి ఎన్నుకొని, అట్టడుగు శ్రేణులనుండి ఆడసాగిరి. 2011లో లీగులోనికి ప్రవేశించిరి. 2020 నవంబరులో తమ పాత వీధియైన ప్లౌ లేనునకు మఱలివచ్చిరి. నాగసేనుడు మిళిందుని అడిగిన రథపు ప్రశ్న ఇచట జ్ఞప్తికి వచ్చును. ఇరుసు రథమా? చక్రములు రథమా? మిల్టన్ కీన్సుకు పోయినది లీగులోని స్థానము, ఆటగాండ్రు, ఒప్పందములు. వింబుల్డనులో మిగిలినది జనము. ఏది జట్టు? 1988లో గెలిచిన కప్పునకు ప్రతిరూపమును, పాత గౌరవచిహ్నములను 2007లో మిల్టన్ కీన్సువారు లండనులోని ఆ ప్రాంతపు పాలక సంస్థకు అప్పగించిరి. ఆ ప్రశ్నకు వారే ఇచ్చిన బదులుగా దీనిని మేము గ్రహించుచున్నాము.

కవెంట్రీవారు ఆ త్రోవ నేల పట్టలేదు? వారికి ధైర్యము చాలదని కాదు. వారి జట్టు తిరిగి వచ్చు నాశ యుండెను. తిరిగిరాగల దానిని విడుచుట తొందరపాటు. తిరిగిరానిదానికై గుట్టమీద నిలుచుట వ్యర్థము. 1921లో మన చీరాల పేరాల ప్రజలు మునిసిపాలిటీ నొల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరినే విడిచి, వెలుపల పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. వారు ఊరిమీది ద్వేషముతో పోయినవారు కారు. జనము కదలినను, జట్టు కదలినను, ఆ కదలిక దేనిని గూర్చియను దానియందే ధర్మము నిలిచియున్నది.

ఒక సంవత్సరము గడిచెను. 2014 సెప్టెంబరు 5వ తేదిన జట్టు కవెంట్రీకి తిరిగివచ్చి గిల్లింగాము జట్టుతో ఆడినపుడు ఇరువదియేడువేల మూడువందల ఆఱుగురు వచ్చిరి. ఆ రాత్రితో కథ ముగిసియున్నచో నీతికథ కుదిరియుండును. అట్లు కాలేదు. ఆ శరత్తులోనే మైదానపు కంపెనీని వాస్ప్స్ అను రగ్బీ సంఘము కొనెను. వాస్ప్స్ 1867లో లండనున పుట్టినది. 2002 నుండి హై వికంబ్ పట్టణమున ఆడుచుండినది. అది తన అభిమానులను విడిచి కవెంట్రీకి తరలివచ్చెను. డిసెంబరులో దాని మొదటి పోటీకి ఇరువదియెనిమిది వేలమంది వచ్చిరి. వారిలో కవెంట్రీవారును కలరు. ముప్పదియైదు మైళ్లకు కన్నీరు కార్చిన ఊరు, సుమారు ఎనుబది మైళ్ల దూరమునుండి తరలింపబడిన జట్టునకు పీట వేసెను. హై వికంబులోని యభిమానికి ఏ గుట్టయు మిగులలేదు. గుట్టమీది నియమము నిజముగా నియమమా, తమ ఊరి బాధ మాత్రమేనా యని అడుగదలచిన చోటిది. దాని కర్థము తెలిసినవారు కవెంట్రీలో కొందఱుండిరి. వాస్ప్స్ ఆటకు పోమనిరి. వారు కొందఱే.

2019లో యజమానులకును వాస్ప్సునకును ఒడంబడిక కుదరక, జట్టు మఱల ఊరు విడిచి, బర్మింగాములోని సెయింట్ ఆండ్రూస్ మైదానమునకు పోవలసివచ్చినది. ఈసారి దూరము ఇరువది మైళ్లు. జట్టు గెలుచుచుండెను. శిక్షకుడు మార్క్ రాబిన్స్ గారియందు అందఱికిని నమ్మకముండెను. లోపలికి పోయినవారు మునుపటికంటె ఎక్కువ. రెండవమాఱు పడిన దెబ్బకు కోపముకంటె అలసట ముందు వచ్చునేమో. 2020 మార్చిలో వ్యాధిచే ఆటలన్నియు నిలిచిపోయినవి. జూనులో లీగువారు అంతవఱకైన పాయింట్ల సగటును లెక్కించి కవెంట్రీని మూడవ శ్రేణిలో ప్రథమముగా ప్రకటించిరి. ఊరేగుటకు వీధి లేదు. మైదానము తమది కాదు. తరువాతి సంవత్సరము ఇంచుమించుగా అంతయు మూసిన తలుపులలోపలనే ఆడిరి. లోపలికి పోదుమనువారును, పోమనువారును సమానముగా ఇండ్లలో కూర్చుండి చూచిరి.

2021 ఆగస్టు 8వ తేదిన తలుపులు తెఱచిన కవెంట్రీ మైదానమున నాటింగాము ఫారెస్టుతో ఆట జరిగెను. కవెంట్రీ రెండు గోలులకు ఒకటిగా, కడపటి నిమిషములలో గెలిచినది. 2022 అక్టోబరులో వాస్ప్స్ అప్పులు తీర్పలేక దివాలా తీసెను. 2023 జనవరి నాటికి సీసూ వారు సంఘమును అమ్మివేసి వెళ్లిపోయిరి. 2025లో క్రొత్త యజమాని ఆ మైదానమును కొనెను. హైఫీల్డ్ రోడ్డు అమ్ముడుపోయిన నాటినుండి సంఘమునకు సొంత చోటు దక్కుట అదియే మొదలు. సిక్స్‌ఫీల్డ్స్ ప్రక్కనున్న గుట్టమీదికి కవెంట్రీవారు పోవలసిన పని ప్రస్తుతము లేదు.